కూతురి ఉపవాసం, అమ్మ మాత్ర

సందేహాలు - సమాధానాలు

సంక్రాంతికి పిల్లలు ఇళ్ళకొచ్చి వెళ్ళాక నాకు వచ్చే ఉత్తరాల తీరు మారుతుంది. అంతకుముందు 'నాకు ఫలానా జబ్బు' అని రాసినవాళ్ళే, 'మా అబ్బాయి ఇలా తింటున్నాడు, నేనూ తినొచ్చా?' అని అడుగుతారు. పాతికేళ్ళ పిల్లల అలవాటు డెబ్బై ఏళ్ళ ఒంటిమీదికి ఎలా వస్తుందో చెప్పే ఉత్తరాలనే ఈసారి ఎంచుకున్నాను.

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. నాన్నగారు తెనాలిలో ఉంటారు. 61 ఏళ్ళు, బీపీ ఉంది. రోజూ ఫోన్లో 'నడవండి నాన్నా' అంటాను. 'సరేలే' అని ఫోను అమ్మకిచ్చేస్తారు. పండక్కి వెళ్ళినప్పుడు పొద్దున్నే కాలవగట్టు మీద నడిచేవాణ్ణి. రమ్మని అడగలేదు. మూడోరోజు ఆయనే చెప్పులేసుకుని వెంట వచ్చారు. వారంపాటు నడిచారు. నేను తిరిగొచ్చాక మానేశారట. మళ్ళీ కదిలించేదెలా? - ఓ పాఠకుడు, హైదరాబాద్

జవాబు: సగం జవాబు మీ ఉత్తరంలోనే ఉంది బాబూ. ఫోన్లో 'నడవండి' అంటే మీ నాన్నగారికి 'మీకు వయసైపోయింది' అన్నట్టు వినబడుతుంది. గట్టు మీద మీ పక్కన నడిచినప్పుడు ఆ మాట లేదు. కొడుకుతో కబుర్లున్నాయి, 'అబ్బాయి ఎప్పుడొచ్చాడు?' అని దారిలో పలకరించేవాళ్ళున్నారు. మీరు వెళ్ళాక గట్టు ఉంది, తోడు లేదు.

అలవాట్లు దగ్గరివాళ్ళ మధ్య కలిసి నడుస్తాయని అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ పట్టణంలో 1948లో మొదలైన గుండె అధ్యయనంలో కనబడింది. ఆ అధ్యయనంలో ఒకరితో ఒకరికి బంధుత్వమో స్నేహమో ఉన్న 12,067 మంది వివరాలను 32 ఏళ్ళపాటు చూసి, 2007లో ఒళ్ళు పెరగడం గురించి, 2008లో పొగ మానడం గురించి ప్రచురించారు. భార్యాభర్తల్లో ఒకరు సిగరెట్ మానేస్తే రెండోవారు పొగతాగే అవకాశం 67 శాతం తగ్గింది. చిన్నవాళ్ళ నుంచి పెద్దవాళ్ళకు వెళ్ళే దారి గురించి నేను తరచూ చెప్పే ఉదాహరణ మాత్రం చైనాది. షాన్షీ రాష్ట్రంలోని చాంగ్‌జిలో 28 బడులను తీసుకుని, సగం బడుల్లో ఐదో తరగతి పిల్లలకు ఒక టర్మ్‌పాటు ఉప్పు గురించి పాఠాలు చెప్పారు. ఇంటికెళ్ళి పెద్దవాళ్ళకు చెప్పమన్నారు. మిగతా ఇళ్ళతో పోలిస్తే ఈ పిల్లల ఇళ్ళలో పెద్దవాళ్ళు తినే ఉప్పు రోజుకు 2.9 గ్రాములు తగ్గింది. పిల్లల్లో తగ్గింది 1.9 గ్రాములు. 2015లో ఈ ఫలితం అచ్చయినప్పుడు చదివి చాలా సంతోషించాను. డాక్టర్లం ఏళ్ళ తరబడి చెప్పినా కదలని చెయ్యి పదేళ్ళ పిల్ల మాటకు ఉప్పుడబ్బా దగ్గర ఆగింది.

మీరు అక్కడ లేరు కాబట్టి ఫోన్ వేళ మార్చండి. రాత్రి చేసే ఫోను పొద్దున ఆరింటికి చేయండి. మీరు హైదరాబాద్‌లో నడుస్తూ, ఆయన తెనాలిలో నడుస్తూ మాట్లాడుకోండి. ఇరవై నిమిషాలు చాలు. నడక గురించి ఒక్క మాటా ఎత్తకండి. పొలం గురించో పెళ్ళిళ్ళ గురించో క్రికెట్ గురించో మాట్లాడండి. గట్టు మీద ఆయన ఈడువాళ్ళు ఎవరు నడుస్తారో మీకు తెలుసు. వాళ్ళలో ఒకరికి 'మా నాన్నగార్ని పిలుచుకెళ్ళండి బాబాయ్' అని చెప్పిపెట్టండి. మంచి బూట్లు కొనివ్వండి, ఆ చెప్పులతో వద్దు. నడుస్తున్నప్పుడు గుండె బరువెక్కినా, దవడకో ఎడమచేతికో నొప్పి పాకినా ఆగిపోవాలనీ, అదేరోజు ఈసీజీ తీయించుకోవాలనీ ఇద్దరూ గుర్తుంచుకోండి.

ప్రశ్న: నాకు 27 ఏళ్ళు. బరువు తగ్గాలని ఆర్నెల్లుగా రాత్రి ఎనిమిదికి తిని, మర్నాడు పన్నెండు దాకా ఏమీ తినడం లేదు. ఏడు కిలోలు తగ్గాను. అది చూసి మా అమ్మ (56) కూడా మొదలుపెట్టింది. తనకు తొమ్మిదేళ్ళుగా షుగరు. టిఫిన్‌కి ముందు వేసుకునే మాత్ర మాత్రం మానలేదు. పోయినవారం పదకొండింటికి చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడింది. పక్కింటావిడ పంచదార నీళ్ళు తాగిస్తే తేరుకుంది. 'తిండి తగ్గితే షుగరు తగ్గుతుందిగా, మంచిదేగా' అంటోంది. మాన్పించాలా? - ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఇవాళే మాన్పించండి. రేపు పొద్దున మీ అమ్మగారు మాత్ర వేసుకునే ముందు టిఫిన్ పళ్ళెం ఎదురుగా ఉండాలి.

ఆవిడ వేసుకునే మాత్రల అట్ట వెనక చిన్న అక్షరాల్లో పేర్లుంటాయి, చదవండి. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటివి ఉంటే, అవి పాంక్రియాస్ చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తాయి. కడుపులో ఇడ్లీ ఉందా లేదా అని ఆ మాత్ర చూడదు. వేసుకున్నాక దాని పని అది చేసుకుపోతుంది. తిండి రాకపోతే రక్తంలో ఉన్న కాస్త చక్కెరా పడిపోతుంది. 70 కంటే కిందికి దిగితే చెమట, వణుకు, గుండెదడ, ఇంకా దిగితే మాట తడబడటం, మగత. ఇలా మాట పోయినవాళ్ళను పక్షవాతమనుకుని ఎమర్జెన్సీకి తీసుకొస్తుంటారు. బీపీ కోసం మెటోప్రొలాల్, అటెనొలాల్ వాడేవాళ్ళలో వణుకూ దడా తెలియకపోవచ్చు, ఒక్క చెమటే గుర్తు.

మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్ళకు ఈ ప్రమాదం చాలా తక్కువ. అయితే ఇప్పుడు మన దగ్గర రెండు మూడు మందులు కలిపిన మాత్రలు ఎక్కువ. అందులో వోగ్లిబోస్ ఉంటే ఇంకో సంగతి తెలిసి ఉండాలి. పంచదార విడిపోయి రక్తంలో కలవడాన్ని అది ఆలస్యం చేస్తుంది. వోగ్లిబోస్ వేసుకునేవాళ్ళకు షుగరు పడిపోయినప్పుడు పంచదార నీళ్ళు త్వరగా పనిచేయవు, గ్లూకోజ్ పొడే ఇవ్వాలి. అందుకే షుగరు మాత్రలున్న ప్రతి ఇంట్లో గ్లూకోజ్ డబ్బా ఒకటి, ఫ్రిజ్ పక్కన అందరికీ కనబడేచోట ఉండాలని నా పట్టుదల. మూడు టీస్పూన్లు నీళ్ళలో కలిపి తాగించండి. పావుగంట తర్వాత మళ్ళీ షుగరు చూడండి, పెరగకపోతే ఇంకోసారి ఇవ్వండి. తేరుకున్నాక తప్పకుండా ఏదైనా తినిపించాలి. గ్లిమిపిరైడ్ ప్రభావం గంటల తరబడి ఉంటుంది కాబట్టి ఒకసారి పడిన షుగరు సాయంత్రంలోగా మళ్ళీ పడొచ్చు. స్పృహ లేనప్పుడు మాత్రం నోట్లో ఏమీ పోయకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.

మీరడగని ప్రశ్న ఒకటుంది. అన్నం, రొట్టె పూర్తిగా మానేసి గుడ్లూ పనీరూ మాంసమే తినే కీటో పద్ధతి కూడా పిల్లల నుంచి పెద్దవాళ్ళకు వస్తోంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడేవాళ్ళు అలా చేస్తే రక్తం ఆమ్లమయమై ప్రాణం మీదికి రావచ్చు. అప్పుడు గ్లూకోమీటర్లో షుగరు మరీ ఎక్కువగా కనబడకపోవడమే అసలు చిక్కు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం ఉంటే 'షుగరు బాగానే ఉందిగా' అని ఇంట్లో కూర్చోకూడదు.

ఇందులో మీ తప్పేమీ లేదమ్మా. మీరు ఏడు కిలోలు తగ్గడం చూసి మీ అమ్మగారికి ఆశ పుట్టింది. తొమ్మిదేళ్ళుగా డాక్టరు దగ్గర తల వంచుకుని కూర్చునే మనిషికి అలాంటి ఆశ పుట్టడం నాకెంతో విలువైన విషయం. దాన్ని పోనివ్వకండి. మాత్రల అట్టలన్నీ తీసుకుని ఇద్దరూ కలిసి ఆవిడ డాక్టరు దగ్గరికి వెళ్ళండి. జరిగింది చెప్పండి. మాత్ర మోతాదు తగ్గించాలో, మందే మార్చాలో ఆయన చూస్తారు. అప్పుడు రాత్రి భోజనం ఏడింటికల్లా ముగించి, పొద్దున ఏడింటికి టిఫిన్ తినడం ఆవిడకు సరిపోతుంది. మీరు కూడా పదహారు గంటలు వదిలి కొన్నాళ్ళు అలాగే చేస్తే ఆవిడ ఒంటరిగా తిన్నట్టు ఉండదు.

ప్రశ్న: మా వారు (31) జిమ్‌కి వెళ్తారు. ఈమధ్య 'సోడియం తక్కువ' ఉప్పు తెచ్చి, ఇకనుంచి ఇంట్లో ఇదే వాడమన్నారు. మామయ్యగారికి క్రియాటినిన్ 1.9. అత్తయ్యగారికి బీపీ, టెల్మిసార్టాన్ వాడతారు. కూర చప్పగా ఉందని మామయ్యగారు ఆవకాయ ఇంకాస్త ఎక్కువ కలుపుకుంటున్నారు. ఒకరికొకలా వండాలా? మాటలు పడేది నేనే. - ఓ పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ముందు ఆ ఉప్పు ప్యాకెట్ పక్కన పెట్టేయండి. అందులో సోడియం తగ్గించి దాని బదులు కలిపేది పొటాషియం క్లోరైడ్. మామూలు కిడ్నీలున్నవాళ్ళకు అది మేలే చేస్తుంది. చైనాలో 600 పల్లెల్లో దాదాపు 21 వేలమంది మీద చేసిన పెద్ద అధ్యయనంలో (2021) ఈ ఉప్పు వాడినవాళ్ళలో పక్షవాతం 14 శాతం తగ్గింది. కానీ తీవ్రమైన కిడ్నీ జబ్బున్నవాళ్ళను ఆ అధ్యయనంలోకి తీసుకోలేదు. దెబ్బతిన్న కిడ్నీ పొటాషియంను బయటికి పంపలేదు. అది రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. మీ మామయ్యగారి 1.9 ఆ కోవలోదే. టెల్మిసార్టాన్, రామిప్రిల్, స్పైరోనోలాక్టోన్ కూడా పొటాషియంను పెంచేవే కాబట్టి అత్తయ్యగారికీ పరీక్ష చేయించకుండా ఈ ఉప్పు వద్దు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు నుంచి ఈ శీర్షిక చదివేవాళ్ళు ఈ మాట మరీ గట్టిగా పట్టించుకోవాలి. అక్కడ చాలా ఇళ్ళలో కనీసం ఒకరికి కిడ్నీ జబ్బు ఉంటుంది. సైంధవ లవణం మంచిదంటారు గానీ, అదీ సోడియం క్లోరైడే. బీపీకి తేడా ఏమీ ఉండదు.

రెండు వంటలు వద్దు. అందరికీ మామూలు ఉప్పే, తక్కువగా. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ మనిషికి రోజుకు 5 గ్రాములు మించొద్దంటుంది. అంటే తలకొట్టిన ఒక టీస్పూను. మీరు నలుగురు, రోజుకు 20 గ్రాములు. కిలో ప్యాకెట్ యాభై రోజులు రావాలి. పచ్చళ్ళలో, అప్పడాల్లో, వడియాల్లో, ఊరమిరపకాయల్లో ఉన్న ఉప్పు వేరే లెక్క గనక ఇంకా ఎక్కువ రోజులే రావాలి. ప్యాకెట్ తెరిచినరోజు తేదీ దానిమీద రాయండి. ఈ పని మీ వారిచేత చేయించండి. ఉప్పు తగ్గించాలన్నది ఆయన ఆలోచనైనప్పుడు మాటలు మీరు పడకూడదు.

ఒక్కసారిగా చప్పబడేస్తే చెయ్యి ఆవకాయ జాడీకి వెళ్తుంది, మీ ఇంట్లో జరిగింది అదే. వారానికి కాస్త చొప్పున తగ్గించండి. కొన్ని వారాల్లో నాలుక సర్దుకుంటుంది. చింతపండు, నిమ్మరసం, వేయించిన జీలకర్ర పొడి, ఇంగువ పోపు లోటు తెలియనివ్వవు. అయితే కిడ్నీ జబ్బులో పళ్ళూ పులుపూ ఎంత అన్నది పొటాషియం పరీక్ష చూసి డాక్టరు చెబుతారు. అన్నం వండేటప్పుడూ మజ్జిగలోనూ ఉప్పు మానేయండి. ఆవకాయ జాడీ వంటింట్లోనే ఉండాలి. ముక్క ఒకటి చిన్న గిన్నెలో వడ్డించండి. ముఖ్యంగా మీ వారు నాన్నగారి పక్కన కూర్చుని, ఆ ఒక్క ముక్కతోనే భోజనం ముగించాలి.

ప్రశ్న: మా అబ్బాయి డాలస్‌లో పరుగెడతాడు. నాకూ అడుగులు లెక్కపెట్టే వాచీ పంపాడు. రోజూ పదివేలు దాటితే మెచ్చుకుంటాడు. నాకు 68. రెండు నెలలుగా కుడి మోకాలు వాస్తోంది. ఆపేస్తే వాడు బాధపడతాడు. - ఓ పాఠకుడు, కరీంనగర్

జవాబు: పదివేలు అనేది వైద్యులు పెట్టిన లెక్క కాదండీ. 1965లో జపాన్‌లో అమ్మకానికొచ్చిన ఒక అడుగుల మీటరు పేరుకు అర్థమే 'పదివేల అడుగుల మీటరు'. ఆ పేరే లోకమంతా తిరిగింది. అరవై దాటినవాళ్ళలో ఆయుష్షుకు కలిగే మేలు ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల దగ్గరే దాదాపు నిలిచిపోతుందని తర్వాతి అధ్యయనాలు చూపించాయి. వాపు తగ్గేదాకా మూడు నాలుగు వేలతో సరిపెట్టుకోండి, అదీ రెండు విడతలుగా. మోకాలు ఎముకల డాక్టరుకు చూపించండి. కుర్చీలో కూర్చుని కాలు చాచి పదిదాకా లెక్కపెట్టి దించడం, రెండు కాళ్ళకూ పదేసిసార్లు, రోజూ చేయండి. తొడ కండ బలపడితే మోకాలి మీద భారం తగ్గుతుంది. ఇక మీ అబ్బాయికి వాపు సంగతి చెప్పకుండా అడుగులు మాత్రమే చూపించడం ఆపండి. వాచీ పంపినవాడికి మోకాలు తెలియాలి కదా.

ప్రశ్న: మనవడు తాగే ప్రొటీన్ పౌడర్ నాకూ రోజూ ఒక స్పూను పాలలో కలిపిస్తున్నాడు. 72 ఏళ్ళు, షుగరు ఉంది. తాగొచ్చా? - ఓ పాఠకుడు, నెల్లూరు

జవాబు: కిడ్నీ పరీక్షలు (క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్) అయ్యేదాకా వద్దు. అవి బాగుంటే కూడా పౌడర్ అవసరం రాదు. జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో కుర్రవాళ్ళనే కండల కోసం వీటిని వాడవద్దంది. పూటకో గుడ్డో కప్పు గట్టిపప్పో గ్లాసు పెరుగో తినండి.

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా. మా నాయనమ్మకి 70 దాటాయి. చిన్నప్పట్నించీ అడ్డపొగ తాగుతుంది. మానమంటే 'నీ జేబులో డబ్బా నేను చూళ్ళేదనుకున్నావేట్రా? నువ్వు మాను ముందు' అంది. నేను రోజుకి ఏడెనిమిది సిగరెట్లు తాగుతాను, 25 ఏళ్ళు. ఇన్నేళ్ళ తర్వాత ఆమె మానినా లాభముంటుందా? - ఓ పాఠకుడు

జవాబు: మీ నాయనమ్మగారు మీకో బేరం పెట్టారు. ఒప్పుకోండి. ఇంత సూటిగా దారి చూపించే పెద్దవాళ్ళు దొరకడం అరుదు.

చుట్ట నిప్పు కొనను నోట్లో పెట్టుకుని తాగే ఈ అలవాటు మన ఉత్తరాంధ్ర తీరంలోని పల్లెల్లో, ఎక్కువగా ఆడవాళ్ళలో ఉంది. సెగంతా అంగిలికి తగులుతుంది. మిగతాచోట్ల అరుదుగా కనబడే అంగిలి క్యాన్సర్ ఇక్కడ ఎక్కువ అని మన కోస్తా వైద్యులు 1950ల్లోనే రాశారు. మీ జిల్లా పల్లెల్లో 10,169 మంది నోళ్ళు పరీక్షించి రాసిన అధ్యయనం 1971లో అచ్చయింది. ఆ ప్రాంతపు ఆడవాళ్ళ నోళ్ళ గురించి ప్రపంచం చదివి యాభై ఏళ్ళు దాటింది, వాళ్ళ మంచం దగ్గరికి వెళ్ళి నోరు తెరిపించి చూసేవాళ్ళు మాత్రం ఇంకా తక్కువే. ఆ బాధ నాకుంది.

మానితే లాభముంది, ఏ వయసులోనైనా. అంగిలి మీద మచ్చలు కొన్ని పొగ మానాక తగ్గుతాయి. ముందుగా ఆమెను వెలుతురులో కూర్చోబెట్టి, నోరు తెరిపించి, టార్చి వేసి అంగిలి చూడండి. ఎర్రటి మచ్చ, పుండు, గడ్డ, రెండు వారాలైనా మానని ఏదున్నా పళ్ళ డాక్టరుకో ఈఎన్‌టీ డాక్టరుకో చూపించాలి. ఎర్రమచ్చను తెల్లమచ్చ కంటే ఎక్కువగా అనుమానించాలి. నొప్పి లేదని ఊరుకోవద్దు.

తర్వాత ఒక తేదీ పెట్టుకోండి, ఇద్దరికీ ఒకే రోజు. ముందురోజు రాత్రి ఆమె చుట్టలూ మీ డబ్బా కలిపి పొయ్యిలో వేయండి. మొదటి వారం కష్టం: చిరాకు, నిద్ర పట్టకపోవడం, తలనొప్పి. మూడు నాలుగు వారాలకు సర్దుకుంటుంది. మీకు నికోటిన్ గమ్ పనికొస్తుంది. గబగబా నమలకూడదు, ఘాటు తెలిసేదాకా నమిలి బుగ్గన పెట్టుకోవాలి. పళ్ళు లేని ఆమెకైతే డాక్టరునడిగి చప్పరించే బిళ్ళలు తీసుకోండి. పొగాకు మానాలనుకునేవాళ్ళ కోసం 1800-11-2356 అనే ఉచిత ఫోన్ నంబరుంది. మీరు చేసి, మాట్లాడుతూ ఫోన్ ఆమె చేతికివ్వండి. మధ్యలో మీరు ఒకటి తాగేస్తే దాచకుండా చెప్పండి. ఆమె తాగితే అడగండి, తిట్టకండి.

ప్రశ్న: నాకు 76. మనవరాలు డైట్ చదువుకుంది. వచ్చిన దగ్గర్నించీ ఇంట్లో తెల్లన్నం లేదు. కొర్రలూ అండుకొర్రలూ పచ్చికూరముక్కలే. కొడుకూ కోడలూ బాగున్నారు, కోడలి షుగరు కూడా దిగింది. నాకు కట్టుడుపళ్ళు. నమలలేక సగం వదిలేస్తున్నాను. ఏడాది కింద 52 కిలోలుండేదాన్ని, ఇప్పుడు 46. నాకు షుగరూ బీపీ లేవు. చెబితే పిల్ల చిన్నబుచ్చుకుంటుందని ఊరుకున్నాను. ఊరుకోవచ్చా? - ఓ పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఊరుకోకూడదమ్మా. ఏడాదిలో ఆరు కిలోలంటే మీ బరువులో తొమ్మిదో వంతు. మీ వయసులో ఇరవైలో ఒక వంతు కావాలని కాకుండా తగ్గినా డాక్టరు కారణం వెతకాలి. తిండి తక్కువై తగ్గి ఉండొచ్చు, కానీ అదేనని అనుకుని కూర్చోలేం. షుగరు, థైరాయిడ్, రక్తహీనత పరీక్షలూ ఛాతీ ఎక్స్‌రే చేయించాలి. కట్టుడుపళ్ళు వదులయ్యాయేమో చూపించాలి. బరువు తగ్గితే చిగుళ్ళూ తగ్గి అవి నోట్లో కదులుతాయి, అందుకే ఇంకా తినలేకపోతారు.

మీ కోడలికి మందైన పళ్ళెం మీకు మందు కాదు. మీకు కావలసింది మెత్తటి తిండి, అందులో మాంసకృత్తులు. రోజుకు కిలో బరువుకు ఒక గ్రాము కంటే తగ్గకూడదు, మీకు యాభై గ్రాముల దాకా అనుకోండి. మెత్తటి పప్పన్నం నెయ్యి వేసుకుని, పెరుగన్నం, రాగిజావలో పాలు పోసుకుని, తింటే గుడ్డు బాగా ఉడికించి. మూడు పూటలకు బదులు ఐదుసార్లు, కొంచెం కొంచెంగా. కొర్రలు ఇష్టమైతే నానబెట్టి జావగా కాచుకోవచ్చు. సాయంత్రం గోడ పట్టుకుని మునివేళ్ళ మీద లేవడం, కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా లేవడానికి ప్రయత్నించడం పదేసిసార్లు చేయండి. కండ కరిగితే పడిపోతారు, ఈ వయసులో నాకు షుగరు కంటే ఎక్కువ భయం తుంటి ఎముక విరగడమే.

మనవరాలికి చెప్పడం గురించి. ఆ పిల్ల ఇంటి బాగుకోసమే ఇదంతా చేసింది, చదువుకున్న పిల్ల కూడా. మీ బరువు 52 నుంచి 46కి వచ్చిందని తనకు తెలియదు. మీరు మాటల్లో చెప్పలేకపోతే రేపు పొద్దున తన బరువుమిషన్ మీద, తను చూస్తుండగా ఎక్కి నిలబడండి. డాక్టరు దగ్గరికి తనే మిమ్మల్ని తీసుకెళ్తుంది.